జ్వరం ఫిట్స్ తర్వాత ఈఈజీ: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అక్కర్లేదు

ఏడాదిన్నర పాప. 102 డిగ్రీల జ్వరం. ఒళ్లు బిగుసుకుంది, కళ్లు తేలేసింది, కాళ్లూ చేతులూ రెండు నిమిషాలు కొట్టుకుని ఆగిపోయాయి. కాసేపు మగతగా పడుకుని, లేచి అమ్మను గుర్తుపట్టి ఏడ్చింది. ఎదుగుదలలో ఇంతకుముందు లోటేమీ లేదు. మెడ బిగుతు లేదు. జ్వరానికి కారణం గొంతులో కనబడుతూనే ఉంది. ఇలాంటి పాపకు ఈఈజీ, అంటే మెదడు తరంగాలను గీతలుగా నమోదు చేసే పరీక్ష, తీయిస్తే కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే అంటాయి: మామూలు జ్వరం ఫిట్స్ వచ్చిన, నాడీపరంగా ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈఈజీ చేయవద్దు, తల స్కానూ అలవాటుగా రాయవద్దు.

అయినా ఈ పరీక్షకు గిరాకీ తగ్గలేదు. భయపడ్డ తల్లిదండ్రులకు చేతిలో ఒక రిపోర్టు కావాలి, రాసే డాక్టరుకు ఒక భరోసా కావాలి. అందుకే ఈ సమీక్ష. మామూలు ఈఈజీ, నిద్ర ఈఈజీ, ఈమధ్య వినబడుతున్న 'మెదడు స్పందన' పరీక్షలు, రంగుల బ్రెయిన్ మ్యాపింగ్, ఈ నాలుగింటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో చూద్దాం. ముందే చెప్పేస్తున్నాం: మొదటిది కొందరికి, రెండోది ఆ కొందరికే ఇంకా బాగా పనికొస్తాయి. మూడోది పరిశోధనకు. నాలుగోది ఈ సమస్యకు దండగ.

'మామూలు' అంటే ఏమిటో గీత గీసుకోవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ, ఒళ్లంతా కదిలిన ఫిట్స్, 15 నిమిషాల లోపు ఆగడం, 24 గంటల్లో మళ్లీ రాకపోవడం. ఈ నాలుగూ కుదిరితే మామూలు. ఒక పక్కే కొట్టుకున్నా, 15 నిమిషాలు దాటినా, అదే రోజు రెండోసారి వచ్చినా దాన్ని 'కాంప్లెక్స్' అంటారు. అరగంట దాటితే ఫెబ్రైల్ స్టేటస్. పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరం ఫిట్స్ వస్తాయి. వచ్చినవారిలో మూడోవంతు మందికి మరో జ్వరంలో మళ్లీ వస్తాయి, ఏడాది నిండకముందే మొదటిసారి వచ్చినవారిలో సుమారు సగం మందికి. ఈఈజీ బాగుందా బాగాలేదా అన్నది ఈ లెక్కను మార్చదు. చాలామంది ఈ పరీక్షను అడిగేది 'మళ్లీ వస్తుందా' అని తెలుసుకోవడానికే. సరిగ్గా ఆ ప్రశ్నకే దీని దగ్గర జవాబు లేదు.

ఇక పరీక్ష సంగతి. తల మీద బిళ్లలు అంటిస్తారు కాబట్టి కరెంటు పెడతారేమోనని కొందరు జంకుతారు. లోపలికి ఏమీ పోదు. మెదడు కణాలు పుట్టించే అతి చిన్న విద్యుత్తును, మైక్రోవోల్టుల్లో కొలిచేంత చిన్నదాన్ని, యంత్రం బయట నుంచి వింటుంది, అంతే. హాన్స్ బెర్గర్ మనిషి తల మీద నుంచి మొదటిసారి దీన్ని నమోదు చేసింది 1924లో, ప్రచురించింది 1929లో. బిళ్లలు ఎక్కడ పెట్టాలో చెప్పే 10-20 పద్ధతి 1958 నాటిది. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా టేపుతో కొలిచి, ఆ దూరాన్ని 10 శాతం, 20 శాతం ముక్కలుగా పంచి గుర్తులు పెట్టడమే అందులో కిటుకు. చిన్న తల మీద అర సెంటీమీటరు తేడా కూడా తేడానే. టేపు తీయకుండా కంటి అంచనాతో బిళ్లలు అంటించే ల్యాబులో కుడికీ ఎడమకీ దూరాలు తప్పుతాయి. దాంతో ఒక పక్క తరంగాలు చిన్నవిగా కనబడి, లేని లోపం రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఈ సేవలో అన్నిటికన్నా పెద్ద లోపం యంత్రంలో లేదు, తీయించే రోజులో ఉంది. ఫిట్స్ తగ్గిన మర్నాడో మూడోనాడో తీస్తే తల వెనక భాగంలో నెమ్మది తరంగాలు కనబడటం మామూలే. మెదడు అలసట ఇంకా తీరలేదన్నమాట, జ్వరం ప్రభావం కూడా ఉంటుంది. వారం పది రోజుల్లో అది చాలామందిలో తానే సర్దుకుంటుంది. కానీ రిపోర్టులో 'అబ్నార్మల్, స్లోయింగ్' అని పడుతుంది. ఇంట్లో ఆ మాట పడగానే నెలల తరబడి నిద్ర పట్టదు, ఒక్కోసారి అక్కర్లేని మందూ మొదలవుతుంది. కాబట్టి అత్యవసరం లేని ఈఈజీ అయితే కనీసం ఒకటి రెండు వారాలు ఆగి, జ్వరం పూర్తిగా పోయాక తీయించాలి. బిడ్డ తేరుకోవడం లేదు, కదలికలు ఆగాయి కానీ కళ్లు ఒకవైపే లాగుతున్నాయి, పిలిస్తే పలకడం లేదు అంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు ఫిట్స్ లోలోపల నడుస్తోందేమో చూడటానికి ఆ గంటే ఈఈజీ కావాలి. అక్కడ ఈ పరీక్షకు సాటి లేదు.

తయారీలో ఎక్కువ పొరపాట్లు నిద్ర దగ్గరే. పిల్లల ఈఈజీలో నిద్ర దొరికితేనే సగం సమాచారం. మెలకువలో కనబడని, ఫిట్స్ ధోరణిని సూచించే మొనదేలిన తరంగాలు తూగు పడేటప్పుడు బయటపడతాయి. ముందు రాత్రి రెండు గంటలు ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్న త్వరగా లేపి, పగటి కునుకు ఆపి తీసుకురావాలి. ఈ కష్టమంతా వచ్చే దారిలో పావుగంట కునుకుతో నీళ్లపాలవుతుంది. వెనక సీట్లో బిడ్డ పక్కన ఒకరు కూర్చుని మేలుకొలుపుతూ తీసుకురావడం తప్పనిసరి. ముందురోజు తలంటాలి. నూనె, క్రీము, జెల్లు వద్దు. నూనె పొర మీద పేస్టు పట్టదు, బిళ్ల జారుతుంది. పాలు, తిండి మానిపించక్కర్లేదు, మత్తు మందు ఇస్తామంటే మాత్రం ఎన్ని గంటలు ఆపాలో ల్యాబును అడగాలి. బిళ్లలన్నీ అంటించాక, సరిగ్గా పడుకోబెట్టే ముందు పాలు పడితే మంచిది.

నిద్ర రాకపోతే మందు ఇస్తారు. మెలటోనిన్ తరంగాలను పెద్దగా మార్చదు కాబట్టి అది నయం. డయజిపామ్, మిడజోలామ్, క్లోబజామ్ జాతి మందులు ట్రేసు (ఈఈజీ గీతల రికార్డు) నిండా వేగమైన బీటా తరంగాలు నింపుతాయి, చూడాల్సిన మొనలను అణిచేస్తాయి. జ్వరం వచ్చినప్పుడల్లా క్లోబజామ్ వేస్తున్న బిడ్డ అయితే ఆఖరి డోసు ఎప్పుడు పడిందో టెక్నీషియన్‌కు చెప్పి రాయించాలి. ఇప్పటికే రోజూ వాడుతున్న ఫిట్స్ మందును పరీక్ష కోసమని సొంతంగా ఆపకూడదు.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూద్దాం. మంచి టెక్నీషియన్ చేతిలో పని ఇలా సాగుతుంది. పాయ తీసి, గుర్తు దగ్గర గరుకు జెల్లు అద్దిన దూది పుల్లతో చర్మాన్ని నాలుగైదుసార్లు మెల్లగా రుద్దుతారు. ఎర్రబడేదాకా కాదు, పైన చచ్చిన పొర పోయేదాకా. బిళ్ల గుంటలో పేస్టు నింపి అంటించి, పైన గాజు గుడ్డ ముక్క నొక్కుతారు. తర్వాత ప్రతి బిళ్ల నిరోధం కొలుస్తారు. 5 కిలోఓమ్‌ల లోపు ఉంటే భేష్, 10 దాకా నడుస్తుంది. అంకె కన్నా ముఖ్యం అన్నీ ఒకే రకంగా ఉండటం. ఒకటి 2, పక్కది 20 ఉంటే గోడలోని కరెంటు లైను హమ్, అంటే 50 లేదా 60 హెర్ట్జ్ గీత, ట్రేసు మీద మందంగా పరుచుకుంటుంది. దాన్ని తుడవడానికి ఫిల్టరు నొక్కేసి ముందుకు పోయే ల్యాబు బిళ్ల సరిచేసే పని ఎగ్గొట్టినట్టే. పేస్టు ఎక్కువై రెండు బిళ్లల మధ్య పాకితే ఆ రెండూ ఒకటే అవుతాయి, వాటి మధ్య గీత చదునుగా సాగుతుంది. తెలియనివాళ్లు దాన్ని 'ఇక్కడ మెదడు చురుకు తగ్గింది' అని చదివే ప్రమాదం ఉంది.

పిల్లల ట్రేసులో దొంగ తరంగాలు బోలెడు. అమ్మ జోకొడుతుంటే ఆ దరువు అచ్చంగా సెకనుకు రెండు మూడు తరంగాల వరసలా పడుతుంది. చూపరికి ఫిట్స్ మొదలైందనే అనిపిస్తుంది. పాలు చప్పరించడం చెవుల పక్క గీతల మీద లయగా కనబడుతుంది. జ్వరం దిగుతూ చెమట పడితే గీతలన్నీ నెమ్మదిగా అలల్లా పైకీ కిందకీ ఊగుతాయి. నాడి కొట్టుకునే చోట బిళ్ల పడితే గుండె లయే మెదడు లయలా నటిస్తుంది. వీటికి మందు ఒక్కటే: వీడియో తోడుండటం, టెక్నీషియన్ అక్కడికక్కడ 'తల్లి జోకొడుతోంది', 'పాలు తాగుతోంది', 'వెక్కిళ్లు' అని ట్రేసు మీద రాయడం. ఇలాంటి రాతలు ఒక్కటీ లేని రికార్డింగు చూస్తే, తీసినవాళ్లు గదిలో ఉన్నారా అని అడగాలనిపిస్తుంది.

రికార్డింగు కనీసం 20 నిమిషాలు శుభ్రంగా ఉండాలి, నిద్ర కూడా కావాలంటే అరగంట నుంచి గంట. పది నిమిషాలకే ముగించి 'నార్మల్' అని ఇచ్చిన రిపోర్టుకు కాగితం విలువే. ఊపిరి గట్టిగా తీసి వదిలించే మూడు నిమిషాల ఘట్టం మూడేళ్ల లోపు పిల్లలతో కాని పని. పెద్ద పిల్లలకు కాగితం గాలిపంకా ఊదిస్తే ఆటలా అయిపోతుంది.

చదవడంలో ఉండే తప్పులు తీయడంలో ఉండే తప్పుల కన్నా ఖరీదైనవి. పెద్దల కొలబద్దతో పిల్లల ట్రేసు చదవకూడదు. మెలకువలో కళ్లు మూసినప్పుడు తల వెనక వచ్చే లయ మూడు నాలుగు నెలల బిడ్డలో సెకనుకు 4 దరిదాపు, ఏడాదికి 6, మూడేళ్లకు 8. ఏడాది బిడ్డలో 6 చూసి 'నెమ్మదిగా ఉంది' అనడం తప్పు. నిద్రలో వచ్చే స్పిండిల్స్ అనే చిన్న తరంగాల గుత్తులు రెండేళ్ల లోపు ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క విడివిడిగా రావడం సహజం. అన్నిటికన్నా మోసం చేసేది తూగు పడే క్షణం. అప్పటిదాకా చిన్నగా నడుస్తున్న గీతలు ఉన్నట్టుండి పెద్ద పెద్ద అలలై, సెకనుకు 3 నుంచి 5 చొప్పున తలంతా ఒక్కసారే లేస్తాయి. మధ్యమధ్య చిన్న మొన ఇరుక్కున్నట్టూ ఉంటుంది. అది ఎదిగే పిల్లల సహజ తూగు లయ. దాన్ని 'జనరలైజ్డ్ స్పైక్ వేవ్' (తలంతా ఒక్కసారే వచ్చే మొన, అల జంట) అని రాసి మూర్ఛ ముద్ర వేసిన రిపోర్టులు కొత్తేమీ కాదు. పిల్లల ఈఈజీ రోజూ చదివే డాక్టరు చేత చదివించుకోవాలని పట్టుబట్టడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇంకో సంగతి, జ్వరం ఫిట్స్ వచ్చిన కొందరు పిల్లల్లో నిజమైన స్పైక్ వేవ్ కనబడినా, అది ఒక్కటే మూర్ఛ వ్యాధికి జోస్యం కాదు. మామూలు జ్వరం ఫిట్స్ తర్వాత మూర్ఛ వ్యాధి వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండు. అందరు పిల్లల్లోనూ అది అర నుంచి ఒకటి ఉంటుంది కాబట్టి తేడా అంత తక్కువ.

మరి ఈఈజీ తన విలువ చూపేది ఎక్కడ? దీర్ఘంగా సాగిన, ఒక పక్కకే పరిమితమైన ఫిట్స్ దగ్గర. అమెరికాలో ఫెబ్‌స్టాట్ అనే అధ్యయనం అరగంటకు పైగా ఫిట్స్ సాగిన 199 మంది పిల్లలకు 72 గంటల్లోపు ఈఈజీ తీసింది. 45 శాతం మందిలో తేడాలు కనబడ్డాయి. ఎక్కువగా ఒకచోట నెమ్మది తరంగాలు, లేదా ఒకచోట తరంగాలు అణిగిపోవడం. ఈ రెండూ ఎంఆర్‌ఐలో జ్ఞాపకానికి గుమ్మం లాంటి హిప్పోకాంపస్ అనే మెదడు భాగం వాపుతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. ఎంఆర్‌ఐ చూసిన 191 మందిలో 22 మందికి హిప్పోకాంపస్‌లో మార్పు కనబడింది లేదా అనుమానంగా ఉంది. కాబట్టి ఈ గుంపు పిల్లలకు వెంటనే తీసిన ఈఈజీ దండగ కాదు, ఎవరిని దగ్గరగా గమనించాలో చూపే దారిగుర్తు. పైన 'ఆగి తీయించండి' అన్న మాట వీళ్లకు వర్తించదు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. ఏడాది లోపే, కొద్దిపాటి జ్వరానికే, ఒకసారి కుడి పక్క మరోసారి ఎడమ పక్క చాలాసేపు ఫిట్స్ వచ్చే బిడ్డలో డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ వ్యాధిని అనుమానించాలి. దీనికి మూలం ఎక్కువమందిలో ఎస్‌సీఎన్1ఎ జన్యువు మార్పు. మొదటి ఏడాది ఈఈజీ తరచు శుభ్రంగానే ఉంటుంది. ఆ 'నార్మల్' చూసి ఊరుకుంటే విలువైన కాలం పోతుంది, సోడియం చానెళ్లను అడ్డుకునే కార్బమజెపిన్ లాంటి మందు మొదలుపెడితే ఫిట్స్ ముదరవచ్చు. ఇక్కడ అడగాల్సింది మరో ఈఈజీ కాదు, జన్యు పరీక్ష.

ఇక 'మెదడు స్పందన' పరీక్షలు. మామూలు ఈఈజీ మెదడు తనంతట తాను చేసే సందడి వింటుంది. ఇవి ఒక శబ్దమో బొమ్మో ఇచ్చి, దానికి మెదడు ఏమని బదులిచ్చిందో వెతుకుతాయి. చిక్కల్లా ఆ బదులు చాలా చిన్నది. నేపథ్య సందడి 50 మైక్రోవోల్టులు, బదులు 5 అనుకోండి. ఒకేసారి వింటే కనబడదు. అదే శబ్దాన్ని 100 సార్లు ఇచ్చి సగటు తీస్తే సందడి పదోవంతుకు, అంటే 5కు దిగుతుంది. బదులూ సందడీ సమానం అవుతాయి. 400 సార్లు ఇస్తే సందడి 2.5. సందడి తగ్గేది సార్ల సంఖ్యకు వర్గమూలం చొప్పునే కాబట్టి, నాణ్యత రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు కావాలి. రెండేళ్ల పిల్లవాడు అంతసేపు కుదురుగా కూర్చుంటాడా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

వీటిలో రెండు రకాలు జ్వరం ఫిట్స్ పరిశోధనకు బాగా సరిపోతాయి. ఒకటి, ఒకే శబ్దం వరసగా ఇస్తూ మధ్యలో అరుదుగా వేరే శబ్దం దూర్చడం. మార్పును పసిగట్టిన మెదడు 100 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య వేరే తరంగం ఇస్తుంది. 600 శబ్దాల్లో 15 శాతం వేరేవి అయితే 90. కదలికల వల్ల మూడోవంతు పారేస్తే మిగిలేది 60, లెక్క బొటాబొటి. పైగా పసిపిల్లల్లో ఈ తరంగం పెద్దవాళ్లలోలా రుణంగా కాక ధనంగా రావచ్చు, అది జబ్బు కాదు. రెండోది, అదే శబ్దం లేదా అదే ముఖం పదేపదే చూపితే బదులు క్రమంగా తగ్గుతుందా అని చూడటం. తెలిసిన దానికి మెదడు మళ్లీ మళ్లీ శ్రమపడదు. అలా తగ్గడం నేర్చుకోవడానికీ గుర్తుంచుకోవడానికీ ఒక గుర్తు. హిప్పోకాంపస్ మీద అనుమానం ఉన్న పిల్లల్లో దీన్ని చూడాలనుకోవడం తెలివైన ఆలోచనే. తడి స్పాంజి బిళ్లల వల తలకు తొడగడం వల్ల రుద్దుడు, పేస్టు గొడవ లేకుండా పది నిమిషాల్లో మొదలుపెట్టవచ్చు కూడా.

కానీ ఈ పరీక్షలు చెప్పేది గుంపుల గురించి. ఫిట్స్ వచ్చిన పిల్లల సగటును రాని పిల్లల సగటుతో పోలుస్తాయి. ఒకే వయసు ఆరోగ్యవంతులైన ఇద్దరు పిల్లల మధ్యే తేడా బాగా ఉంటుంది, అదే బిడ్డకు మర్నాడు తీసినా కొంత మారుతుంది. మీ పాప అంకె ఇంత, కాబట్టి జ్ఞాపకం ఇంత అని చెప్పగలిగే కొలబద్ద లేదు. పరిశోధనకు పిలిస్తే నిరభ్యంతరంగా వెళ్లండి, రిపోర్టు మాత్రం ఆశించకండి. వినికిడి కొలిచే బెరా పరీక్ష వేరు. క్లిక్కు తర్వాత మొదటి 10 మిల్లీసెకన్లలోనే చూసే అది వైద్యంలో స్థిరపడ్డ పరీక్ష. మైక్రోవోల్టులో భాగమంత బదులు కోసం వేయి రెండు వేల క్లిక్కులు ఇస్తారు. జ్వరానికి కారణం మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అయితే అది తప్పక చేయించాలి, ఉత్త జ్వరం ఫిట్స్‌కు అక్కర్లేదు.

చదువులో వెనకబడతాడా అన్న భయానికి ఈ తరంగాల కన్నా మంచి జవాబు ఎప్పుడో వచ్చింది. బ్రిటన్‌లో 1970 ఏప్రిల్‌లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను వెంట ఉండి గమనించారు. వారిలో జ్వరం ఫిట్స్ వచ్చినవారు పదేళ్ల వయసులో చదువులో, తెలివిలో, ప్రవర్తనలో తోటివారికి తీసిపోలేదని 1998లో తేలింది.

రంగుల బ్రెయిన్ మ్యాపింగ్ గురించి ఎక్కువ రాయడం కూడా వృథా. అవే ఈఈజీ అంకెలను ఎరుపు, నీలం మరకలుగా అచ్చు వేస్తారు. జోకొట్టిన దరువూ చెమట అలలూ అందులో కలిసిపోయి ఎర్ర మరకలవుతాయి. ముడి ట్రేసులో అయినా వాటిని పట్టుకోవచ్చు, రంగుల్లో పట్టుకోలేం.

నిజంగానే తీయించాల్సి వస్తే ల్యాబుకు ముందే ఫోన్ చేసి ఇవి అడగండి: ఐదేళ్ల లోపు పిల్లలకు రోజూ తీస్తారా, నిద్ర వచ్చేదాకా ఆగుతారా లేక టైము స్లాటు అయిపోగానే లేపేస్తారా, వీడియో ఉంటుందా, చదివేది ఎవరు, ముడి రికార్డింగు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇస్తారా. ఆఖరిది మరిచిపోవద్దు. నాలుగు పేజీల అచ్చు ముక్కలతో రెండో అభిప్రాయం ఎవరూ చెప్పలేరు. రిపోర్టులో బిడ్డ వయసు, ఫిట్స్ వచ్చి ఎన్ని రోజులైంది, వేసిన మందులు, నిద్ర దొరికిందా లేదా అన్న నాలుగూ లేకపోతే తిప్పి పంపి రాయించుకోండి.

మామూలు జ్వరం ఫిట్స్ వచ్చిన బిడ్డకైతే ఆ శ్రమ ఇంట్లో పెట్టండి. మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం. ఐదు నిమిషాలకు ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలామ్, సాధారణంగా కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, డాక్టరు చేత రాయించి ఎన్ని పంపులో సీసా మీదే అంకె వేసి ఉంచుకోవాలి. బిడ్డ బరువు పెరిగినప్పుడల్లా ఆ అంకె మార్పించుకోవాలి, సీసా గడువు తేదీ చూస్తుండాలి.